ట్రాక్‌కీ రోడ్డుకీ బ్రేక్ ప్యాడ్లు: కొనేముందు మీ బ్రేకులు ఎంత వేడెక్కుతున్నాయో చూసుకోండి

మొదటిసారి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి వెళ్లినప్పుడు రెండో సెషన్ నాలుగో ల్యాపులో నా బ్రేక్ పెడల్ నేలకి తగిలింది. స్ట్రెయిట్ చివర, మీటర్ 150 దగ్గర ఉంది, కాలు వేశాను, పెడల్ తడి స్పాంజిలోకి దిగినట్టు మెత్తగా దిగిపోయింది, కారు మాత్రం పోతూనే ఉంది. కంగారులో టకటకా రెండు మూడుసార్లు తొక్కితే కొంచెం పట్టింది గానీ అప్పటికే తారు దాటి మట్టిలోకి వెళ్లిపోయాను. కారుకి ఏం కాలేదు, బంపర్ నిండా గడ్డి, అంతే. పిట్‌లోకి వచ్చాక పక్క కారు అబ్బాయి వాసన చూసి "ప్యాడ్లు ఫేడ్ అయ్యాయి బ్రో, రేసింగ్ ప్యాడ్లు వేయించేయండి" అన్నాడు. అంటే వేడికి ప్యాడ్ల పట్టు పోయిందని. నేను సరే అనుకుని పూర్తి రేసింగ్ ప్యాడ్లు తెప్పించి వేయించాను.

ఆ తర్వాత సోమవారం పొద్దున ఏడింటికి షోలింగనల్లూర్ సిగ్నల్ దగ్గర ముందున్న సిటీ బస్సు ఆగింది. నేను ఇంటి నుంచి బయల్దేరి రెండు నిమిషాలు కాలేదు. బ్రేక్ వేస్తే ఈసారి పెడల్ చెక్కముక్కలా గట్టిగా ఉంది, కానీ కారు ఆగే మనసులో లేదు. రెండు కాళ్లూ పెట్టినంత పని చేసి, బస్సు నంబరు ప్లేటుకున్న స్క్రూలు లెక్కపెట్టగలిగేంత దగ్గరికి వెళ్లి ఆగాను. ఒకే కారు, రెండుసార్లూ బ్రేకు పట్టలేదు, కారణాలు మాత్రం పూర్తిగా వేరు. ఆ తేడా తెలియకుండా ప్యాడ్లు కొన్నందుకు నాకు డబ్బూ పోయింది, నిద్రా పోయింది. మీకు ఆ రెండూ పోకూడదని ఇది రాస్తున్నాను.

ముందు మీ కాలు ఏం చెబుతోందో వినండి. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత నొక్కినా కారు నెమ్మదించకపోతే తేడా ప్యాడ్ (చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ని నొక్కి ఆపే ముక్క) దగ్గర ఉంది: అది తట్టుకోగలిగిన వేడి దాటిపోయింది, లేదా నా సోమవారం కథలోలాగా దానికి కావాల్సిన వేడి ఇంకా రాలేదు. పెడల్ మెత్తబడి కిందికి పోతే బ్రేక్ ఆయిల్ మరిగి అందులో ఆవిరి బుడగలు వచ్చాయి. ద్రవాన్ని నొక్కలేం, ఆవిరిని నొక్కగలం, అందుకే మీ కాలి బలమంతా ఆ బుడగల్ని అణచడానికే పోతుంది. ఇక కొత్త ప్యాడ్లు మొదటిసారి బాగా వేడెక్కినప్పుడు వాటిలోని రెసిన్ వాయువులు వదులుతుంది, అది ప్యాడ్‌కీ డిస్క్‌కీ మధ్య పొరలా నిలబడి కాసేపు పట్టు పోతుంది. ఇది మూడో రకం. దీనికి మందు బెడ్డింగ్, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ట్రాక్‌లో నాకు జరిగింది ఆయిల్ మరగడం. ఇది కనిపెట్టింది అంబత్తూర్‌లో నేను కారు ఇచ్చే మెకానిక్, గూడూరు వైపు మనిషి. బానెట్ ఎత్తి రిజర్వాయర్ మూత తీసి చూసి, "తమ్ముడూ, ఈ ఆయిల్ ఎప్పుడు మార్చావు?" అన్నాడు. "కారు కొన్నప్పటి నుంచి మార్చలేదన్నా" అన్నాను. "డికాషన్ లాగా ఉంది చూడు. దీంతో ట్రాక్‌కి పోయావా? నువ్వు ప్యాడ్లకి పెట్టిన డబ్బులో పదో వంతుతో అయిపోయేది" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. చెన్నైలో తేమకి కరువేం ఉంది? ఎండకి బ్రేకులు వేడెక్కిపోతాయని కొందరు భయపడతారు గానీ, 500 డిగ్రీలకి వెళ్లే డిస్క్‌కి బయట 30 ఉన్నా 40 ఉన్నా పెద్ద తేడా ఉండదు. ఇక్కడ మన శత్రువు తేమే. డాట్ అనేది బ్రేక్ ఆయిల్ గ్రేడు. డాట్ 4 ఆయిల్ కొత్త సీసాలో ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు, అదే తేమ పట్టాక ప్రమాణం 155 డిగ్రీలకే పడిపోతుంది. డాట్ 3కి ఇవి 205, 140. డాట్ 5.1కి 260, 180. ట్రాక్ కోసం చేసిన ఆయిళ్లు ఇంకా పైకి వెళతాయి, ఉదాహరణకు మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 కొత్తగా 312 డిగ్రీలు, తేమ పట్టాక 205. ఇవన్నీ ఒకదానితో ఒకటి కలిసే రకాలే. డాట్ 5 మాత్రం సిలికాన్, పేరు 5.1కి దగ్గరగా ఉందని పొరపాటున పోశారంటే సిస్టమ్ మొత్తం కడుక్కోవాలి. సగం వాడి బీరువాలో దాచిన సీసా వద్దు, మూత తీశాక అదీ తేమ పీలుస్తూనే ఉంటుంది. రోడ్డు కారుకి రెండేళ్లకోసారి మార్చమంటారు. ట్రాక్‌కి వెళ్లేవాళ్లు ప్రతి ట్రాక్ డే (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) ముందు కనీసం బ్లీడింగ్ చేయించండి, అంటే పైపుల్లోని గాలినీ బుడగల్నీ బయటికి తీయించండి, ఏడాదికోసారి పూర్తిగా మార్చండి. సగం మంది కొత్తవాళ్లకి మొదటి ట్రాక్ డేకి కారుతో వచ్చే కంపెనీ ప్యాడ్లు, కొత్త ఆయిల్, మంచి టైర్లు ఉంటే చాలు. ప్యాడ్లు అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

సరే, ఆయిల్ అయింది. ఇప్పుడు ప్యాడ్లు.

వేడి ఎంత పుడుతుందో ఒక లెక్క చూడండి. మనిషితో కలిపి 1200 కిలోల హ్యాచ్‌బ్యాక్ 150 నుంచి 70కి దిగితే బ్రేకుల్లోకి దాదాపు 800 కిలోజౌళ్ల శక్తి వెళుతుంది. అంటే బిందెలోని మామూలు నీళ్లు రెండున్నర లీటర్లు మరిగే దాకా తెచ్చేంత వేడి, మూడు సెకన్లలో. అందులో ఎక్కువ భాగం ముందు చక్రాలదే. అదే కారు సిగ్నల్ దగ్గర 40 నుంచి ఆగితే ఇందులో పదో వంతు కూడా ఉండదు. ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, అదే మనం అలవాటుగా ఎంఎంఆర్‌టీ అనేది, 3.7 కిలోమీటర్లు. మామూలు హ్యాచ్‌బ్యాక్‌కి ల్యాపు రెండు నిమిషాల పైనే పడుతుంది, అన్నిసార్లూ గట్టిగా బ్రేకు వేస్తూ, మధ్యలో చల్లారే టైమ్ ఇవ్వకుండా. అందుకే ఊళ్లో 100, 200 డిగ్రీల మధ్య తిరిగే డిస్క్ అక్కడ 500 దాటిపోతుంది.

ప్రతి ప్యాడ్‌కీ తను బాగా పనిచేసే వేడి పరిధి ఒకటి ఉంటుంది. దోశ పెనం లాంటిదే. చల్లని పెనం మీద పిండి పోస్తే అంటుకుంటుంది, మరీ కాలితే మాడుతుంది. కంపెనీ ప్యాడ్లు చలిలోనే పట్టేలా చేస్తారు, ఇంటి గేటు దాటగానే పిల్లాడు అడ్డమొస్తే ఆగాలి కదా. రేసింగ్ ప్యాడ్లు బాగా కాలాకే పట్టుకుంటాయి, చల్లగా ఉన్నప్పుడు పట్టవు సరికదా, గరుకు కాగితంలా డిస్క్‌ని గీకేస్తాయి. పైగా కీచుమని అరుపు, నల్లటి పొడి. ఆ పొడిలో లోహం ఉంటుంది, నవంబర్ వానలో తడిసి అల్లాయ్ చక్రాల మీద తుప్పు మరకలా అతుక్కుపోతుంది, సముద్రం పక్కన పోయే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) వైపు ఉప్పు గాలి కూడా తోడైతే ఇక గోకడమే పని.

అందుకని నిజాయితీగా ఒక ప్రశ్న వేసుకోండి: ఏడాదిలో ఎన్ని రోజులు ట్రాక్‌లో ఉంటారు?

రెండు రోజులు, మూడు రోజులు, మిగతా 360 రోజులూ ఆఫీసు, నెల్లూరు, అత్తగారిల్లు అయితే మీకు కావాల్సింది ఫాస్ట్ రోడ్ రకం. చలిలో కంపెనీ ప్యాడ్‌కి దగ్గరగా పట్టాలి, పైన మాత్రం దానికంటే ఎక్కువ వేడి తట్టుకోవాలి. ఫెరోడో డీఎస్2500 ఈ మధ్యరకం వాటిలో బాగా పేరున్నది, కంపెనీ చెప్పే సగటు ఘర్షణ గుణకం (ఎంత ఎక్కువైతే అంత పట్టు) 0.42. ఈబీసీ ఎల్లోస్టఫ్‌ని కూడా రోడ్డూ ట్రాకూ రెండూ చేసేవాళ్లు వాడతారు. అదే కంపెనీ రెడ్‌స్టఫ్ సిరామిక్ రకం, పొడి తక్కువ, వేగంగా నడిపే రోడ్డు కారుకి బాగుంటుంది, ట్రాక్ కోసమైతే నేను దాని జోలికి వెళ్లను. ఇలాంటి ప్యాడ్‌తో మీరు ట్రాక్‌లో అయిదారు గట్టి ల్యాపులు వేసి ఒక ల్యాపు చల్లార్చుకోవాలి, ఇరవై నిమిషాలు ఏకబిగిన కొట్టాలంటే కుదరదు. నాకు అది నచ్చింది, అయిదు ల్యాపుల తర్వాత నేనే అలిసిపోతాను.

నెలకోసారి ట్రాక్‌కి వెళుతూ, సెమీ స్లిక్ టైర్లు (గాడులు తక్కువుండే ట్రాక్ టైర్లు) వేసి, టైమింగ్ చూసుకునేవాళ్లయితే రెండు సెట్లు పెట్టుకోండి. హాక్ డీటీసీ-60, ఫెరోడో డీఎస్3000 లాంటి నిజమైన ట్రాక్ ప్యాడ్లు డిక్కీలో, రోడ్డు ప్యాడ్లు చక్రాల్లో. పిట్‌లో జాకీ వేసి ముందు రెండు చక్రాల ప్యాడ్లూ మార్చడం చేయి తిరిగితే అరగంట పని. రోడ్డుకీ ట్రాక్‌కీ పూర్తిగా సరిపోయే ఒకే ప్యాడ్ ఉందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

ఇంకో రకం జనం ఉన్నారు, వీళ్లకి ట్రాక్‌తో పనిలేదు. తిరుమల నుంచి దిగి అలిపిరి దగ్గరికి వచ్చేసరికి కాలిన వాసన వచ్చిందని, ఏలగిరి ఘాట్‌లో బ్రేకు మెత్తబడిందని రేసింగ్ ప్యాడ్లు వేయించుకుంటారు. వద్దు. రెండో గేర్‌లో దిగండి, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా గట్టిగా ఒకసారి వేసి వదిలేయండి, ఆయిల్ మార్చండి. ఎక్కడానికి ఏ గేరో దిగడానికీ అదే గేరని మా నాన్న అంబాసిడర్ రోజుల నుంచీ చెప్పేవాడు.

ప్యాడ్ చేతిలోకి వచ్చాక అట్ట డబ్బా మీది బొమ్మల్ని వదిలేసి ప్యాడ్ అంచు చూడండి. చాలా ప్యాడ్ల మీద ఇంగ్లీషు అక్షరాలు రెండు పక్కపక్కన ఉంటాయి, ఎఫ్ఎఫ్ అనో, జీజీ అనో. మొదటిది మామూలు వేడిలో ఘర్షణ, రెండోది బాగా వేడెక్కాక. ఇంగ్లీషు ఈ (E) అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం కంటే రెండోది కిందిదైతే, అంటే ఎఫ్ఈ లాంటిదైతే, వేడెక్కేకొద్దీ పట్టు తగ్గుతుందని అర్థం, అది ట్రాక్‌కి పనికిరాదు. కానీ ఈ పరీక్ష ఆగేది 343 డిగ్రీల దగ్గర, మన ట్రాక్ మొదలయ్యేది ఆ తర్వాతే. పైగా రెండు ఎఫ్ఎఫ్ ప్యాడ్లలో ఒకటి 0.36, ఇంకోటి 0.44 కావచ్చు. కాబట్టి ఈ అక్షరాలు చెత్తని ఏరిపారేయడానికే, గొప్పదాన్ని ఎంచుకోవడానికి కాదు. రోడ్డు ప్యాడ్ అయితే వెనక ఇనుప ప్లేటు మీద ఇంగ్లీషు E అక్షరం, ఒక అంకె, దగ్గర్లో 90ఆర్ అని ముద్ర ఉందేమో కూడా చూడండి. యూరప్‌లో ఆర్90 నియమం కింద అనుమతి వచ్చిందని, కంపెనీ ప్యాడ్‌తో పోలిస్తే పనితీరు 15 శాతం లోపు తేడాలో ఉందని దాని అర్థం. అచ్చమైన రేసింగ్ ప్యాడ్లకి ఇది మామూలుగా ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

నకిలీలతో జాగ్రత్త. ఒకసారి చెన్నై జీపీ రోడ్‌లో ఒక షాపులో విదేశీ బ్రాండ్ ప్యాడ్లు సగం ధరకి దొరికాయని సంబరపడ్డాను. ఇంటికొచ్చి చూస్తే డబ్బా మీద బ్రాండ్ పేరులో ఒక అక్షరం మసకగా ఉంది, ప్లేటు మీద రంగు గోటితో గీకితే ఊడొచ్చింది, ప్యాడ్ మీద నంబరు ఒకటి, డబ్బా మీద నంబరు ఇంకోటి. బిల్లు అడగలేదు కాబట్టి వెనక్కి ఇచ్చే దారీ లేదు. వాటిని ఇప్పుడు టేబుల్ మీద పేపర్‌వెయిట్‌గా వాడుతున్నాను, ఆ పనికి బాగానే ఉన్నాయి. చవకగా కావాలంటే నకిలీ విదేశీ కంటే మన దేశీ అసలుది వందసార్లు మేలు. ఈ ఊరు మామూలుది కాదు, ఇక్కడి పాడి అనే పేటలోనే బ్రేక్స్ ఇండియా, సుందరం బ్రేక్ లైనింగ్స్ రెండూ ఉన్నాయి.

ఆర్డర్ పెట్టేటప్పుడు కారు పేరు ఒక్కటే చెప్పకండి. ఒకే మోడల్‌లో ఏడాదిని బట్టి, ఇంజిన్‌ని బట్టి క్యాలిపర్ (ప్యాడ్లని పట్టుకుని డిస్క్‌కి నొక్కే భాగం) మారిపోతుంది. పాత ప్యాడ్ విప్పి పొడవు, ఎత్తు, మందం వర్నియర్‌తో కొలిచి కంపెనీ కేటలాగ్ బొమ్మతో పోల్చండి. వెనక డ్రమ్ములున్న కార్లకి ముందు మాత్రమే మారిస్తే చాలు, వెనక షూలు సర్దుబాటు సరిగ్గా ఉందో లేదో చూడండి. నాలుగు డిస్కులున్న కారులో వెనక మాత్రం గట్టి ప్యాడ్లు, ముందు మామూలువి అనే పని ఎప్పుడూ చేయకండి, వెనక చక్రాలు మొదట లాక్ అయితే కారు తిరిగిపోతుంది.

వేయించేటప్పుడు పక్కనే నిలబడండి. కొత్త మందపాటి ప్యాడ్ల కోసం క్యాలిపర్‌లోని పిస్టన్‌ని లోపలికి నొక్కితే రిజర్వాయర్‌లో ఆయిల్ పైకి వస్తుంది, పొంగి బాడీ మీద పడితే పెయింట్ తినేస్తుంది, ముందే కొంచెం సిరంజితో తీయమనండి. క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు చేత్తో కదిలిస్తే సాఫీగా జరగాలి, సముద్రం పక్కన ఉండే కార్లకి ఇవి బిగుసుకుపోవడం మామూలే, అప్పుడు ఒక ప్యాడ్ అరిగిపోయి రెండోది కొత్తగా ఉంటుంది. డిస్క్ మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది, దానికి దగ్గర పడితే డిస్క్ మార్చండి. రంధ్రాల డిస్కులు చూడ్డానికి బాగుంటాయి, ట్రాక్ వేడికి ఆ రంధ్రాల దగ్గర్నుంచే పగుళ్లు మొదలవుతాయి. నా ఓటు మామూలు డిస్క్‌కే, మరీ సరదా అయితే గాడులున్నది తీసుకోండి. ఒక రకం ప్యాడ్ తీసి ఇంకో రకం వేస్తుంటే డిస్క్‌ని 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది పాత పొర తీయండి.

ఆ పొర సంగతే బెడ్డింగ్. ప్యాడ్ తన పదార్థాన్ని పల్చగా, సమానంగా డిస్క్ మీద పూయాలి, అప్పుడే పూర్తి పట్టు వస్తుంది. ఆదివారం పొద్దున అయిదింటికి, వండలూరు నుంచి మీంజూరు పోయే ఔటర్ రింగ్ రోడ్ లాంటి ఖాళీ చోట, వెనక ఎవరూ లేరని అద్దంలో చూసుకుని, 80 నుంచి 20కి గట్టిగా, చక్రం లాక్ కాకుండా, ఒక పదిసార్లు దించండి. ప్రతిసారికీ మధ్య అరనిమిషం నడపండి. పూర్తిగా ఆగకండి, ఇది ముఖ్యం, వేడి మీద ఆగితే ప్యాడ్ అచ్చు డిస్క్ మీద పడి తర్వాత స్టీరింగ్ వణుకుతుంది. డిస్క్ బెండ్ అయిందని లేత్ పట్టించేవాళ్లలో చాలామందిది నిజానికి ఈ మచ్చల గొడవే. ఏడో ఎనిమిదోసారికి వాసన వస్తుంది, పట్టు కొంచెం సడలవచ్చు, భయపడకండి. చివర్లో పది నిమిషాలు బ్రేకు దాదాపు ముట్టకుండా నడిపి చల్లార్చండి. డిస్క్ మీద నీలిబూడిద రంగు సమానంగా కనిపిస్తే పని అయినట్టు. ట్రాక్ ప్యాడ్లకి ఈ వేడి రోడ్డు మీద రాదు, వాటిని ట్రాక్‌లోనే మొదటి సెషన్‌లో చేయాలి.

ట్రాక్ రోజున ప్యాడ్ మందం సగం ఉంటేనే దిగండి. రోడ్డు మీద మూడు మిల్లీమీటర్లదాకా లాగించవచ్చేమో గానీ, ట్రాక్‌లో పల్చటి ప్యాడ్ వేడిని ఆపదు, నేరుగా పిస్టన్‌కీ ఆయిల్‌కీ పంపుతుంది. డిస్క్ అంచున పూసే వేడి రంగులు దొరుకుతాయి, ఆకుపచ్చది 430, నారింజది 560, ఎరుపుది 610 డిగ్రీల దగ్గర రంగు మారుతుంది. మీ వేడి ఎంతో చెప్పేది అదే, ఊహ కాదు. పిట్‌లో చేతి థర్మామీటర్ చూపే అంకెని నమ్మకండి, కారు ఆగేలోపే చాలా చల్లారిపోతుంది. నేను రంగు పూసి చూస్తే ఆకుపచ్చ మారింది, నారింజ మారలేదు. అంటే నాకు అసలు రేసింగ్ ప్యాడ్లే అక్కర్లేదు, ఆ రోజు పిట్‌లో పక్క కారు అబ్బాయి మాట విన్నందుకు డబ్బు దండగ.

సెషన్ అయ్యాక చివరి ల్యాపు నెమ్మదిగా నడిపి లోపలికి రండి, ఆగాక హ్యాండ్‌బ్రేక్ వేయకండి, మొదటి గేర్‌లో పెట్టి చక్రం కింద ఇటుక పెట్టండి. నా డిక్కీలో ఇప్పుడు స్టెప్నీ పక్కన ఒక ఇటుక శాశ్వతంగా ఉంటుంది. మా ఆవిడ దాన్ని రెండుసార్లు బయట పారేసింది, కారులో ఇటుకేంటని.